‘పి’ అక్షరంలోని అమ్మాయి

రగూసా, 1561 మార్చి 12

ఒరే బాస్తియాన్,

ఈ చేతిరాత గుర్తుపట్టావా? పట్టకపోతే కింద సంతకం చూసుకుని మళ్లీ పైకి రా. ఆరేళ్ల తర్వాత రాస్తున్న ఉత్తరం, కుశలప్రశ్నలతో మొదలుపెట్టాలని నాకూ తెలుసు. కానీ ఒళ్లు మండిపోతోంది. కుశలం చివర్లో అడుగుతాను.

మొన్న మా మారెకు దగ్గు పట్టుకుంటే మఠం వాళ్ల మందుల కొట్టుకు తీసుకెళ్లాను. మారె నా కూతురు. నీకో మేనకోడలుందన్న సంగతి ఇలా తెలుస్తోంది, ఏం చెయ్యను! పానకం కాగేదాకా కూర్చోమన్నాడు అక్కడి సన్యాసి. బల్ల మీద మూలికల పుస్తకం ఒకటుంది. కొత్తది, వెనిస్‌లో అచ్చయింది. అచ్చుదిమ్మలు చెక్కే ఇంట్లో పుట్టినదాన్ని, పుస్తకం ఎదురుగా ఉంటే చెయ్యి ఊరుకుంటుందా? తెరిచాను. ప్రతి అధ్యాయం మొదట్లో ఒక పెద్ద అక్షరం, దాని వెనక చిన్న బొమ్మ. ‘ఓ’ వెనక వాయిద్యం వాయించేవాడు, చుట్టూ జంతువులు. ‘ఇ’ వెనక రెక్కలు కట్టుకుని సముద్రంలో పడుతున్న కుర్రాడు. ఇవన్నీ ఎందుకు పెట్టారో, ఏ బొమ్మకి ఏమిటి అర్థమో అని సరదాగా తిప్పుతూ పోతున్నాను. ‘పి’ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

రథం మీద గడ్డపువాడొకడు ఒక అమ్మాయి నడుం పట్టుకుని లాగుతున్నాడు. ఆ అమ్మాయి చెయ్యి చాచి, నోరు తెరిచి ఏడుస్తోంది. కాళ్ల దగ్గర బుట్ట బోర్లాపడి గుండ్రటివేవో దొర్లుతున్నాయి. తలగుడ్డ ముడి ఎడమ చెవి మీద ఉంది. వెనిస్ మొత్తంలో ముడి అలా వేసుకునేది నేనొక్కదాన్నేనని మురానో అత్త ఎప్పుడూ దెప్పేది కదా.

మారె తొంగి చూసి, “అమ్మా, ఈ అక్కని ఎవరు కొట్టారు?” అంది. సన్యాసి గరిటె పట్టుకునే వచ్చి, “అది ఆత్మ తల్లీ. సైతాను ఎత్తుకుపోతున్నాడు. ఆ దొర్లేవి పాపాలు” అన్నాడు. ఇంతా చేసి ఆ అధ్యాయం దేని గురించో తెలుసా? పార్స్‌లీ ఆకు గురించి!

ఆకుల అంచుల్లో కత్తి జారిన చోట్లు చూసి అది నీ చెయ్యేనని పోల్చుకున్నాను. నాన్న కత్తి జారదు. పైగా నాన్న మనుషుల్ని గీయడు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆకులూ తీగలూ తప్ప ఇంకొకటి గీయగా నేను చూడలేదు. కాబట్టి ఇది నీ పనే. సొంత అక్కని ఏడుపుగొట్టు మొహంతో ఊరూరా తిప్పుతున్నావు. ఎందుకు?

జవాబు ఈ ఓడవాళ్ల చేతికే ఇవ్వు. మీరంతా బాగున్నారా?

కోపంతో, అయినా నీ అక్కే,
ఒర్సెత్త


వెనిస్, 1561 ఏప్రిల్ 9

అక్కా,

నీ సంతకం చూడకముందే కూర్చుండిపోయాను. ఉత్తరం నేరుగా నా చేతికే వచ్చింది, మన అదృష్టం. నాన్నకు చెప్పలేదు. ఇంట్లో నీ పేరు ఎత్తేది ఎవరూ లేరు. మనుషులం ఉన్నదే ఇద్దరం అనుకో.

ముందు నీ అక్షరాల సంగతి చెబుతాను. వీటిని మాట్లాడే అక్షరాలంటారు. ఇప్పుడు ఊరంతా ఇవే కావాలంటున్నారు. అక్షరం ఏదైతే దాని వెనక కథ పేరు కూడా ఆ అక్షరంతోనే మొదలవ్వాలి. ‘ది’ అంటే దాఫ్నె, చెట్టుగా మారిన పిల్ల. ‘ఇ’ అంటే ఇకారో, మైనపు రెక్కలతో ఎండలోకి ఎగిరినవాడు. ‘ఓ’ అంటే ఒర్ఫేయో. (ఒర్సెత్త అని పెట్టొచ్చు కదా అంటావేమో. మా పండితుడు ఒప్పుకోడు.) ‘పి’ అంటే ప్రోసెర్పినా. పూలు కోసుకుంటుంటే పాతాళం రాజు ప్లూటో ఎత్తుకుపోయాడు. అక్కడ దానిమ్మ గింజలు తింది, అందుకే ఏడాదిలో సగం అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది. దిమ్మ ఒకసారి చెక్కాక ‘పి’ ఎక్కడ కావలిస్తే అక్కడ అదే. ప్రార్థన మొదట్లో అదే, న్యాయశాస్త్రంలో అదే, పార్స్‌లీకీ అదే. నీ సన్యాసి చెప్పినట్టు ఆ దొర్లేవి పాపాలు కావు, దానిమ్మలు.

అది నేనన్న మాట కాదు, అచ్చుతప్పులు దిద్దే మెసెర్ ఫుల్వియో అన్నాడు. తొలి కాగితం చూడగానే కుర్చీలోంచి లేచాడు. “పూలు పడాల్సిన చోట దానిమ్మలు! జరగబోయేది ముందే చూపించాడు! ఎంత లోతు!” అని అచ్చుశాలకి వచ్చిన ప్రతివాడికీ చూపించాడు. పాడువా నుంచి వచ్చిన ఆచార్యుడొకాయన, “దానిమ్మలు కావు, గసగసాల కాయలు, మరణానికి గుర్తు” అన్నాడు. అంతే, ఇద్దరికీ మాటల్లేవు. ఎదురుపడితే చెరో పక్కకి తిరిగి పోతున్నారు.

ఇప్పుడు అసలు మాట. కత్తి జారింది నాకే, ఒప్పుకుంటాను. మిగతా అక్షరాల బొమ్మలూ నావే గాని, ఈ ఒక్క బొమ్మ నాది కాదు. గీసింది నాన్న.

అవునక్కా, నాన్నే. ఫుల్వియో కథ చెబుతుంటే వింటూ కూర్చుని, చివర్లో దిమ్మ మీద గీసి నా ముందు పెట్టాడు. మనిషిని గీయడం నేను చూడటం అదే మొదటిసారి.

అయినా నీకు కోపమెందుకో నాకు అర్థం కాలేదు. నిన్ను లాక్కుపోయిన మాట నిజమే కదా? నీకు జరిగింది తల్చుకుని గీసి ఉంటే అది జాలే గాని వెక్కిరింత కాదు. ఆ రోజు నేను మురానోలో అత్త ఇంట్లో ఉండిపోయాను గాని, లేకపోతే ఆ ఓడవాడి సంగతి తేల్చేవాణ్ణి. నవ్వకు. అప్పటికి పదకొండేళ్లే అయినా నాకు కర్రసాము వచ్చు.

అక్కడ నిన్ను స్వేచ్ఛగా ఉండనిస్తున్నారా? ఈ ఉత్తరాలు వాడు చదువుతాడా? నిజం రాయలేని పరిస్థితి ఉంటే కాగితం మీద ఎక్కడైనా చిన్న చేప బొమ్మ గీయి. నాకు అర్థమవుతుంది.

నీ తమ్ముడు,
బాస్తియాన్


రగూసా, 1561 మే 3

చేప బొమ్మల తమ్ముడికి,

నీ ఉత్తరం ‘ఆ ఓడవాడికి’ నేనే చదివి వినిపించాను. చేప దాకా వచ్చేసరికి ఆయన బల్ల మీద తల పెట్టుకుని నవ్వాడు. మారెకు ఎందుకు నవ్వుతున్నామో తెలియక అలిగింది.

నాన్న గీశాడన్న మాట చదివాక మాత్రం నాకు నవ్వు రాలేదు. ఆరేళ్లుగా నేనంటూ ఒకదాన్ని ఉన్నట్టు కూడా ఆయనకి గుర్తులేదనుకున్నాను. గుర్తుంది. ఇలా గుర్తుంది. ఏది నయమో తెలియటం లేదు.

సరే, నువ్వు మురానోలో ఉన్న రోజు జరిగింది ఇప్పుడు విను. వ్లాహో ఓడ వడ్రంగి. వాళ్ల ఓడ మరమ్మతుకు మన కాలువ చివర ఆగినప్పుడు దిమ్మలకి చెక్క అమ్మడానికి మనింటికి వచ్చేవాడు, జ్ఞాపకం తెచ్చుకో. నీకు గాలిపటానికి పుల్లలు చెక్కి ఇచ్చాడు కూడా. అతన్నే చేసుకుంటానని నాన్నకు చెప్పాను. కత్తి ఆపకుండా “చూద్దాం” అన్నాడు. ఇంకోసారి చెప్పాను. “మన ఊరివాడు కాడు” అన్నాడు. మళ్లీ చెబితే అసలు తలే ఎత్తలేదు. చెక్కపొడి ఊదుకుంటూ కూర్చున్నాడు.

ఆ పొద్దున సార్డిన్ చేపల్లోకి ఉల్లిపాయలు కొనుక్కుని వస్తున్నాను. మన మెట్ల దగ్గర వ్లాహో పడవతో ఉన్నాడు. “ఓడ ఈ రోజే వెళ్తోంది. వస్తావా?” అన్నాడు. “వస్తాను” అన్నాను. ఎక్కి కూర్చున్నాక చూసుకుంటే బుట్ట నా చేతిలోనే ఉంది. ఇంటివాళ్ల ఉల్లిపాయలు పట్టుకుని లేచిపోవడం ఏం మర్యాద? మళ్లీ ఒక కాలు మెట్టు మీద పెట్టి బుట్ట దించబోయాను. పడవ ఊగింది. బుట్ట బోర్లాపడింది. ఒకటే నవ్వు ఇద్దరికీ, ఆపుకోలేకపోయాం. జరిగింది అంతే. నన్నెవరూ లాగలేదు. నా కాళ్లతో నేను నడిచి వచ్చాను. ఇక్కడికి రాగానే చర్చిలో పెళ్లి చేసుకున్నాం.

వ్లాహో నన్ను ఎత్తుకుపోయాడని నాన్న ఫిర్యాదు చేశాడని తర్వాత విన్నాం. వెనిస్ ఏలుబడిలో ఎక్కడ కాలు పెట్టినా పట్టుకుని గాలీలనే యుద్ధపు ఓడల్లో తెడ్డు లాగడానికి పంపుతారట. వ్లాహో పని చేసే ఓడ అటు రావడమే మానుకుంది. మేం రాకపోవడానికి కారణం పౌరుషం కాదురా, భయం.

ఫుల్వియో గారికి చెప్పు, అవి దానిమ్మలు కావని. గసగసాలూ కావు. ఉల్లిపాయలు! నమ్మకపోతే నాన్ననే అడుగు.

ఎవరూ పక్కన నిలబడి రాయించని,
ఒర్సెత్త


వెనిస్, 1561 జూన్ 10

అక్కా,

నాకు బుర్ర తిరిగిపోతోంది. లోపలంతా నవ్వులే, ఎవరూ రాయించలేదనే మాటలే. కాగితం వెనక్కి తిప్పితే చేప! చిన్నదేం కాదు, సగం కాగితం చేప. కన్ను కూడా ఉంది. ఏది నమ్మమంటావు? వాడు పక్కన నిలబడి రాయిస్తే రాశావు, వాడు అటు తిరగగానే వెనక చేప గీశావు. అంతేనా? అందుకని గాలిపటం పుల్లల సంగతి కూడా నేను నమ్మలేదు. గుర్తుకు మాత్రం వచ్చింది.

అయినా నువ్వు చెప్పినట్టు నాన్నని అడిగాను. ఉత్తరం సంగతి ఎత్తకుండా, మామూలుగా, దిమ్మలు కడుగుతూ అడిగాను.

“నాన్నా, ‘పి’లో కింద పడ్డవి ఏమిటి?”

“కళ్లు లేవా?”

“మెసెర్ ఫుల్వియో దానిమ్మలంటున్నాడు.”

“ఆయన వంటింట్లో ఎప్పుడు కాలు పెట్టాడని? ఉల్లిపాయలు.”

“ప్రోసెర్పినా దగ్గర ఉల్లిపాయలెందుకు ఉంటాయి?”

నాన్న చేతిలో గుడ్డ పక్కన పెట్టాడు. నేను ఇంక ఆగలేక, “అక్క ఉత్తరం రాసింది. తనంతట తనే వెళ్లానంటోంది” అనేశాను.

“ఎవడో రాయించి ఉంటాడు” అన్నాడు.  నేనూ అదే అనుకుంటున్నాను కాబట్టి వాదించలేదు. కాసేపయ్యాక వెళ్లి దిమ్మల పెట్టెలోంచి ‘పి’ తీసి, గుడ్డలో చుట్టి, తన బట్టల పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు.

మర్నాటి నుంచి అచ్చుశాలలో గోల. మూలికల పుస్తకం మళ్లీ అచ్చు వేస్తున్నారు, ‘పి’ కావాలి. “ఇవ్వను” అంటాడు నాన్న. ఎందుకంటే చెప్పడు. చివరికి పార్స్‌లీకి బొమ్మ లేని ఉత్త ‘పి’ పెట్టారు. ఫుల్వియో దానికీ అర్థం చెప్పాడు: ప్రోసెర్పినా పాతాళంలో ఉన్న కాలానికి గుర్తుగా ఆ చోటు ఖాళీగా వదిలారట! విన్నవాళ్లు తలలూపారు కూడా.

అక్కా, ఆ చేప నిజమైతే ఇంకొక్కటి గీయి. నేను ఓడ ఎక్కి వస్తాను.

బాస్తియాన్


రగూసా, 1561 జూలై 6

బాస్తియాన్,

చేప మారె గీసింది! చేప కథ వినీ వినీ, నేను ఉత్తరం మడవబోయే ముందు వెనక్కి తిప్పి గీసి పెట్టింది. నేను చూడలేదు. నీ మతి మండా, అంత పెద్ద కన్నున్న చేపని పాతికేళ్ల ఆడది గీస్తుందా? ఆ ఒక్క చేప వల్ల నువ్వు నా మాట నమ్మలేదు, నాన్న దగ్గర నా తరఫున ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు చూడు ఏమైందో.

వ్లాహోని పట్టుకున్నారు.

ఓడ ఉత్తరాదికి వెళ్తుంటే గాలివానకి తెరచాప స్తంభం విరిగింది. కుర్చోలా రేవులోకి తోసుకుపోయింది. అది మీ వెనిస్ వాళ్ల దీవే కదా. రేవు కాపలావాళ్లు ఓడలో ఉన్నవాళ్ల పేర్లు అడిగారు. ఈయన అబద్ధం చెప్పే రకం కాదు, ఉన్న పేరే చెప్పాడు. ఇప్పుడు అక్కడి కోటలో ఉన్నాడు. గాలీ ఓడలు అటుగా వచ్చేదాకా ఉంచుతారట. వస్తే తెడ్డు దగ్గర గొలుసు వేస్తారు. ఆ గొలుసు నుంచి తిరిగొచ్చినవాణ్ణి నేనింతవరకూ ఒక్కణ్ణే చూశాను, అతను నిలబడలేడు.

ఇక్కడ పత్రాలు రాసే ఆయన్ని అడిగాను. ఫిర్యాదు చేసినాయనే వచ్చి, నాకు వీళ్లతో తగవు లేదని అధికారుల ముందు రాయించి ఇస్తే వదిలేస్తారన్నాడు. అంటే అంతా నాన్న చేతిలోనే ఉంది. ఆయనేమో నన్ను అక్షరాల్లోంచి కూడా తీసేసి పెట్టెలో పడేశాడు! అది చదివినప్పుడు, పోనీలే ఇంక ఆ ఏడుపు మొహం ఎవరూ చూడరు అనుకున్నాను గాని, నా మనసు మనసులో లేదు.

మాటలతో నాన్నని ఒప్పించడం నా వల్ల కాలేదు. ఎదురుగా నిలబడి చెబితేనే వినని మనిషి కాగితం మీద చెబితే వింటాడా? అందుకని ఈ పొట్లం పంపుతున్నాను. ఓడ వడ్రంగుల దగ్గర బేరిచెక్క ముక్క ఒకటి సంపాదించి వ్లాహో ఉలితో చెక్కాను. చేతులు బొబ్బలెక్కాయి. ఇంతకన్నా బాగా ఇప్పుడు నా వల్ల కాదు.

నాన్న చేతిలో పెట్టు. నువ్వు మాత్రం ఒక్క మాట చెప్పకు. ఆయన్ని ఆయన కళ్లతోనే చూసుకోనీ.

ఒర్సెత్త


వెనిస్, 1561 ఆగస్టు 2

అక్కా,

చేప విషయంలో నన్ను ఎన్ని తిట్టినా తక్కువే. తిట్టు. కానీ ముందు ఇది చదువు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పొట్లం నాన్న బల్ల మీద పెట్టాను. “ఏమిటిది?” అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. విప్పి చూశాడు. దిమ్మని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, బొటనవేలితో అంచులు తడిమి చూశాడు. వచ్చి సిరా రాసి, కాగితం వేసి, గరిటె వెనక భాగంతో రుద్ది, తీశాడు.

అక్కా, ‘పి’ తిరగబడి వచ్చింది. అక్షరాన్ని అద్దంలోలా చెక్కాలన్నది మరిచిపోయావు.

నాన్న అరిచాడు చూడు! “ఆరేళ్లకే మరిచిపోయిందా! చిన్నప్పుడు తిరగేసిన అక్షరాలతోనే కదా దీనికి చదువు నేర్పాను? తిన్నగా ఉన్నవాటికన్నా తిరగబడినవే గబగబా చదివేది! ఇదేం ఉలి? చెక్కిందా, దూలం నరికిందా? ఈ నీళ్ల గీతలు చూడు, నీళ్లు ఇలా ఉంటాయా?” అంటూ ఒక్కొక్కటే వేలుపెట్టి చూపిస్తున్నాడు. ఆరేళ్లలో ఆయన ఒకేసారి ఇన్ని మాటలు మాట్లాడటం నేను వినలేదు. అలా తిట్టుకుంటూ తిట్టుకుంటూ వేలు పడవ మీదకి వచ్చింది. అక్కడ ఆగాడు.

నేనూ అప్పుడే సరిగ్గా చూశాను. నీ కాలొకటి పడవలో, ఒకటి మెట్టు మీద. వంగి బుట్ట దించుతున్నావు. అతను పడవ కదలకుండా రెండు చేతులతో మెట్టు అంచు పట్టుకుని ఉన్నాడు. రెండు చేతులూ మెట్టు మీదే ఉన్నాయి.

నాన్న కాగితం కింద పెట్టాడు. తర్వాత లోపలికి వెళ్లి ఆ పాత ‘పి’ తెచ్చి, అదీ అచ్చు తీసి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు.

“దీన్ని చూసి ఏమంది మీ అక్క?” అన్నాడు.

“తనని ఏడుస్తున్నట్టు గీశావని బాధపడింది.”

“ఏడుస్తోందని ఎవరన్నారు?”

“నోరు తెరిచి ఉంది కదా నాన్నా.”

“శనగబద్ద కన్నా చిన్న మొహం. అందులో నోరెంత? ఒక గాటు. ఏడ్చినా ఒకటే గాటు, నవ్వినా ఒకటే గాటు. చూసేవాడు ఏది అనుకుంటే అది.”

“మరి నువ్వు ఏది అనుకుని గీశావు?”

నాన్న చేతులు కడుక్కున్నాడు. టోపీ పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. పని మధ్యలో వదిలి నాన్న వీధిలోకి వెళ్లడం ఎప్పుడైనా చూశావా?

ఆయన అటు వెళ్లగానే ఇటు ఫుల్వియో వచ్చాడు. బల్ల మీద తిరగబడిన ‘పి’ చూసి రెండు చేతులూ పైకెత్తాడు. “వెనక్కి తిరిగిన అక్షరం! ప్రోసెర్పినా తిరిగి రావడం! మీ నాన్న మామూలు మనిషి కాదు!” అన్నాడు. నేను నవ్వు మొదలుపెట్టాను. ఎక్కడో అది ఏడుపైపోయింది. ఆయన భయపడి నీళ్లు తెచ్చిచ్చాడు.

నాన్న సాయంత్రం వచ్చాడు. ఎక్కడికి వెళ్లాడో అడిగే ధైర్యం నాకు లేదు. “అన్నం పెట్టు” అని మాత్రం అన్నాడు. రెండు దిమ్మలూ ఇప్పుడు ఆయన పని బల్ల మీదే ఉన్నాయి.

బావ సంగతి ఏ చిన్న కబురు తెలిసినా వెంటనే రాయి. అవును, బావ అనే రాశాను. కొట్టెయ్యను.

నీ
బాస్తియాన్


రగూసా, 1561 అక్టోబరు 5

బాస్తియాన్,

మీ బావ ఇంటికి వచ్చాడు.

ఉత్తరం ఇక్కడితో ఆపేసినా చాలు గాని, నీకు మిగతాది కూడా కావాలి కదా. మొన్న మధ్యాహ్నం నేను బట్టలారేస్తుంటే గుమ్మంలో గడ్డం పెరిగినవాడొకడు నిలబడ్డాడు. మారె గుర్తుపట్టక తలుపు వేసేసింది. బయటి నుంచి పేరు పెట్టి పిలిస్తే తీసింది. ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాడు. ఇప్పుడు ఎండలో కూర్చుని కాబేజీ, ఎండుమాంసం కలిపి ఉడికించింది గిన్నె ఖాళీ చేస్తున్నాడు. పక్కన మారె కూర్చుని ఒక్కొక్క ముద్దా సరిగ్గా నములుతున్నాడో లేదో చూస్తోంది.

కోట అధికారి పిలిపించి, వెనిస్ నుంచి కాగితం వచ్చింది, నీ మీద ఇంకేమీ లేదు పొమ్మన్నాడట. కాగితం చూపించలేదు. కింద నాన్న పేరు ఉందని మాత్రం చెప్పాడు. అంటే ఆ రోజు టోపీ పెట్టుకుని ఎక్కడికి వెళ్లాడో తెలిసిందిగా?

సంతోషమే. ఎంత సంతోషమో రాయలేను. కానీ ఒక ముల్లు గుచ్చుకుంటోంది. ఇలాంటి పత్రాల్లో, “నాకు జరిగిన అన్యాయాన్ని క్షమించి వదిలేస్తున్నాను” అని రాస్తారట. మా పత్రాలాయన చెప్పాడు, అందరికీ అవే మాటలట. నాన్న కూడా అదే రాయించాడా? వ్లాహో నన్ను లాక్కుపోయాడు, పోనీ క్షమించాను అనా? మీ బావ, “ఏది రాస్తే ఏం, ఇంటికి వచ్చాను” అంటున్నాడు. ఆయనకి చాలు. నాకు చాలదు. లాక్కుపోబడిన అమ్మాయినై క్షమాభిక్ష పుచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. నాన్న అక్కడ ఏం చెప్పాడో కనుక్కో. నువ్వు ఊహించి రాయకు. అడిగి రాయి.

అందరి తరఫునా,
ఒర్సెత్త


వెనిస్, 1561 నవంబరు 8

ఒర్సెత్తకు,

నీ ఉత్తరం బాస్తియాన్ చదివి వినిపించాడు. జవాబు వాడికి వదిలితే సొంత మాటలు నాలుగు కలుపుతాడు. అందుకని నేనే రాస్తున్నాను. రాత అలవాటు లేదు. తప్పులుంటే ఊరుకో.

అతను ఇల్లు చేరాడని విన్నాను. మంచిది. కోటలో చలికి కీళ్లు పట్టుకుని ఉంటాయి, వేడినూనె రాయమను.

రేవుల్లోకి ఓడలు మళ్లీ వచ్చే రోజుల్లో పిల్లని తీసుకుని రండి. అతను కూడా. పై గది ఖాళీగానే ఉంది.

కాగితంలో ఏముందని అడిగావు. గుమాస్తా నన్నేమీ అడక్కుండానే “క్షమించి వదిలేస్తున్నాను” అని రాసుకుపోతున్నాడు. ఆపమన్నాను. అలా రాయకపోతే ఎలా అన్నాడు. జరిగింది చెబుతాను, అది రాయి అన్నాను.

ఆ రోజు నేను పై గదిలో ఉన్నాను. కిటికీ దగ్గరికి వచ్చేసరికి మీ పడవ వంతెన కిందికి వెళ్లిపోయింది. కళ్లారా చూసింది మెట్ల మీద ఉల్లిపాయలే. నీ గొంతు మాత్రం విన్నాను. అప్పట్లో న్యాయాధికారి ఏం విన్నావని అడిగితే, కేక విన్నాను అన్నాను. కేక అంటే అబద్ధం కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నవ్వుతూ వెళ్లిందని ఏ నోటితో చెప్పను? తర్వాత రోజూ అదే మాట తల్చుకుంటే, కేకేనేమో అని నాకే అనిపించింది.

ఈ గుమాస్తా కూడా అదే అడిగాడు, ఆ రోజు తమరు ఏం విన్నారని. “మా అమ్మాయి నవ్వుతోంది” అన్నాను. అతను కలం ఎత్తి నా మొహం చూసి, “నవ్వు అని రాయమంటారా?” అన్నాడు.

“అలాగే రాయి” అన్నాను.

మీ నాన్న,
మెనెగో